అత్తగారిని గెడ్డ దాటించడం

తెల్లదొరల మీద మన్యంలో లేచిన గూడెం పితూరీ ముగిసిన మరుసటి ఏడు, ఉగాది వెళ్ళిన కొద్ది రోజులకి, అరకు లోయలోని గెడ్డవలసలో సర్వేశ్వరరావు తెల్లవారకముందే లేచి పళ్ళు తోముకుంటూ ఒక నిర్ణయానికి వచ్చాడు. అత్తగారిని ఆ రోజే కొండకింద ఆమె ఊరికి పంపించేయాలి.

అతనిది ఉప్పు, కారం, కిరసనాయిలు, మిల్లు గుడ్డలు అమ్మే కొట్టు. మైదానం నుంచి వచ్చి కొండమీద స్థిరపడ్డాడు. అత్తగారు నూకరత్నం శివరాత్రికి కూతుర్ని చూడడానికి వచ్చి, ఊసుపోక కొట్లో కూర్చోవడం మొదలుపెట్టింది. మంచి మనిషి. అబద్ధం ఆడదు. చిక్కల్లా అక్కడే వచ్చింది.

"ఆ కారం అట్టుకెళ్ళకే గుంటా, నిరుటిది. ఘాటు సచ్చిపోనాది," అనేది కొనడానికి వచ్చిన పిల్లతో. "ఆ ఎర్రచీర ఒక్క ఉతుక్కి ఎలిసిపోద్ది. నీలంది అడుగు, అది నిలుస్తాది."

వచ్చినవాళ్ళు నవ్వుకుంటూ వెళ్ళిపోయేవారు. శుక్రవారం సంత. పైగా కొండవాళ్ళకి చైత్ర పండగ దగ్గరపడుతోంది. ఆ బేరం కోసమే అతను అప్పుచేసి మరీ గుడ్డలు తెప్పించాడు. అందులో ముప్పాతిక వంతు ఎర్రవే. ఈ సంతలో అవి అమ్ముడుపోకపోతే వానాకాలమంతా వాటిని చూసుకుంటూ కూర్చోవాల్సిందే. భార్య చిన్నమ్మలుతో ఈ మాట అనడానికి ధైర్యం చాలలేదు. అందుకని అంబలి తాగుతున్న అత్తగారి ఎదురుగా కూర్చుని నిట్టూర్చాడు.

"రాత్రి కల్లోకి మామగారు వచ్చారత్తా. బాగా సిక్కిపోయారు."

నూకరత్నం చేతిలో గిన్నె ఆగిపోయింది. "ఏటైనా అన్నారా?"

"ఏటీ అన్నేదు. ఎదురుగా ఖాళీ కంచం ఎట్టుకుని, నా కేసి అలగే సూసినారు."

"అయ్యో, నా తల్లీ! పొయ్యి రాజేసుకోడం కూడా రాదాయనకి. మంగ్లుని పిలు బాబూ, బేగి బండి కట్టమను!"

బయట పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే, ఎద్దుల్ని కడుతున్న మంగ్లు గొంతు వినిపిస్తోంది గానీ మనిషి కనిపించడం లేదు. "మంచు ఇడిపోనాక ఎల్దాం సావుకారీ," అన్నాడు వాడు.

"నీ ఎద్దులకి దారి తెలుసు కాదేటి?"

"తెలుసు."

తెలుసన్న మాట నిజమే. అయితే ఆ ఎద్దులకి అన్నిటికన్నా బాగా తెలిసిన దారి కొట్టు వెనకున్న తమ గడ్డివాము దగ్గరికి వెళ్ళేది. ఊరు దాటి కొంతదూరం పోయాక అవి మెల్లగా పక్కకి తిరిగాయి. మంచులో మంగ్లుకి తెలియలేదు. గూడు బండిలో నూకరత్నం మొగుడి ఆకలి తలుచుకుని ఏడుస్తూ ఏడుస్తూ నిద్రపోయింది.

ఆ సమయానికి సర్వేశ్వరరావు కొట్టు గుమ్మంలో నిలబడి, ఒక కొండామెకి ఎర్రచీర విప్పి చూపిస్తున్నాడు. చాలా రోజుల తర్వాత అతనికి హాయిగా ఉంది.

"ఏటనుకున్నావు! ఎన్ని ఉతుకులు ఉతుకు, ఈ రంగు పోదు."

"ఒక్క ఉతుకు," అంది మంచులోంచి ఒక గొంతు.

కొండామె చీర అక్కడ పెట్టేసి వెళ్ళిపోయింది. నూకరత్నం బండి దిగి కళ్ళు నులుముకుంటూ, "ఇదేటి బాబూ, ఇక్కడికి ఒచ్చీసినాం?" అంది. సర్వేశ్వరరావు చీర మడత పెడుతూ ఉండిపోయాడు.

మధ్యాహ్నానికి మంచు విడింది, వాన పట్టుకుంది. అయినా ఆమె ఆగలేదు, బండి మళ్ళీ కట్టించింది. ఈసారి ఊరి కింద పారే గెడ్డ దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. నీళ్ళు పొంగుతున్నాయట. అయితే వచ్చింది ఆమె ఒక్కతే కాదు. ఆమె వెనక తడిసి ముద్దయిన ఒక మనిషి, అతని వెనక మూటలు మోస్తున్న రెండు ఎద్దులు ఉన్నాయి.

"మనూరి అప్పలస్వామి. వరసకి నాకు తమ్ముడవుతాడు," అంది నూకరత్నం. "పాపం, ఇలా దాటీసరికి వెనక గెడ్డ పొంగిపోనాది. ఎక్కడికెళ్తాడు? అరుగుమీద పడుకుంటాడులే."

"వారేటి సేత్తారత్తా?" అని అడిగాడు సర్వేశ్వరరావు, మూటల కేసి చూస్తూ. సమాధానం అతనికి అప్పటికే తెలిసిపోయింది.

"గుడ్డల యాపారం. శుక్రవారం సంతకి ఒత్తన్నాడు."

మర్నాటికి అప్పలస్వామి గుడ్డలు అరుగుమీద, చూరుకింద, వంటింటి వాసానికి, ఆఖరికి కొట్టు తలుపు రెక్కలకి కూడా ఆరుతున్నాయి. సర్వేశ్వరరావు సరుకు లోపల చీకట్లో ఉండిపోయింది. వాన తెరిపిచ్చినప్పుడల్లా జనం వచ్చి అరుగు దగ్గర నిలబడి బేరమాడడం మొదలుపెట్టారు. "ఏటండీ, సావుకారు కొత్త సరుకు దింపినాడా?" అని ఒకడు అప్పలస్వామినే అడిగాడు.

"అవును," అన్నాడు అప్పలస్వామి వినయంగా.

సంత రేపనగా ఎండ కాసింది. సర్వేశ్వరరావు గెడ్డకి పరుగెత్తి చూసి వచ్చాడు. మోకాలిలోతు నీళ్ళు. ఇంక ఎవర్నీ నమ్మదలుచుకోలేదు. అత్తగారి మూట తానే బండిలో పెట్టి, తానే వెంట నడిచాడు. మంగ్లు బండిని ముందు దాటించాడు. వెనక అతను ఆమె చెయ్యి పట్టుకుని, రాయి మీద రాయి చూపిస్తూ, కన్నతల్లిని దాటించినంత జాగ్రత్తగా దాటించాడు. అవతలి ఒడ్డున నూకరత్నం కళ్ళు తుడుచుకుంది.

"నీలాటి అల్లుడు ఎవులికీ ఉండడు బాబూ."

అతనికి కాస్త సిగ్గేసింది. "జాగర్తగా ఎల్లండత్తా," అని గబగబా నీళ్ళలోకి అడుగు పెట్టాడు. అంతలో మంగ్లు వెనకనుంచి చొక్కా పట్టి గుంజాడు. పైన కొండమీద నల్లగా మబ్బు వాలి ఉంది. అక్కడ పడ్డ వాన ఎర్రనీళ్ళై, చెట్లకొమ్మలతో కలిసి, పెద్ద చప్పుడుతో దిగి వచ్చింది. చూస్తుండగానే అతను అడుగేసిన రాయి మునిగింది, తర్వాత ఒడ్డు మునిగింది.

అవతల ఇల్లు, కొట్టు, సంత, అప్పలస్వామి. ఇవతల అత్తగారు.

"మరేటి సేత్తావు? ఎక్కు," అంది నూకరత్నం బండిలో జరుగుతూ. "మామని నువ్వూ సూసినట్టుంటాది."

కొండదారి ఘాటీ దిగి వాళ్ళు పల్లె చేరేసరికి, మామగారు వరహాలు అరుగుమీద నలుగురు స్నేహితులతో పులిజూదం ఆడుతున్నాడు. పక్కన వేయించిన చేపల కంచం ఉంది. ఆయన చిక్కలేదు సరికదా, పంచె ముడి ఇమడనంతగా బొజ్జ పెంచాడు. బండి చూడగానే స్నేహితులు ఒక్కొక్కరే లేచి జారుకున్నారు.

నూకరత్నం కంచం కేసి, మొగుడి కేసి చూసింది. "ఈయన సిక్కిపోయారా!" అని మాత్రం అని, చీపురు తీసుకుని లోపలికి వెళ్ళింది. కాసేపటికి లోపల గిన్నెలు మోగడం మొదలైంది.

ముసలాయన అల్లుణ్ణి పక్కకి తీసుకెళ్ళి, మెల్లగా, బాధగా అడిగాడు. "ఏటి బాబూ, నానేటి అన్నేయం సేసినాను నీకు?"

సర్వేశ్వరరావు తల దించుకున్నాడు. ఘాటీలో వాన విడవలేదు. వాన విడిచేదాకా మామా అల్లుళ్ళు ఆమె చెప్పిన చోట కూర్చుని, ఆమె పెట్టింది తిని, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ గడిపారు. అతని మనసంతా సంత మీదే ఉంది. గుడ్డలన్నీ మూటల్లోనే చివికిపోతున్నట్టు, అప్పలస్వామి ఆ ఊళ్ళోనే స్థిరపడిపోతున్నట్టు ఊహించుకుని భయపడ్డాడు.

దారి తెరుచుకున్నాక ఇంటికి వచ్చేసరికి అరుగు ఖాళీగా ఉంది. కొట్లో అరలూ ఖాళీగా ఉన్నాయి.

"గుడ్డలేవీ?" అన్నాడు నీరసంగా.

"అమ్మీసినాను," అంది చిన్నమ్మలు. "గెడ్డ పొంగి కింద యాపారులెవులూ రాలేదు. అప్పలస్వామి మావయ్య గుడ్డలు తడిసి ముక్కినాయని అందరికీ సెప్పీసినాను. ఆయన అలిగి ఎల్లిపోనాడు."

"ఎర్రవో?"

"అవే ముందు పోనాయి."

"ఏం సెప్పి అమ్మినావే?"

"ఒక్క ఉతుక్కి పోద్దనే సెప్పినాను. ధర కూడా తగ్గించినాను. పండగ నాడు ఒక్కపాలి కట్టుకుంటే సాలన్నారు. మా అమ్మ సెప్పినట్టు సెప్పితే ఒక్కరూ బేరం ఆడ్నేదండీ!"

అతను ఖాళీ అరల్ని తడిమి చూశాడు. అంతలో ఎవరో కొండామె వచ్చి గుమ్మంలోంచి తొంగి చూసింది. కిందటిసారి చీర వదిలేసి వెళ్ళిన ఆమే.

"ముసిలమ్మ నేదా?"

"నేదు. ఏటి కావాలి?"

"ఉప్పు. ముసిలమ్మ ఒచ్చినాక ఒత్తాను," అని వెళ్ళిపోయింది. సాయంత్రందాకా మరికొందరు వచ్చి అదే అడిగి, అలాగే వెళ్ళారు.

"అమ్మని తీసుకురండి," అంది చిన్నమ్మలు.

"గెడ్డ..." అని మొదలుపెట్టాడు సర్వేశ్వరరావు. పొద్దున తాను దాటి వచ్చినప్పుడు నీళ్ళు చీలమండ దాటలేదని గుర్తొచ్చి ఆగిపోయాడు.

మర్నాడే మంగ్లుతో మళ్ళీ ఘాటీ దిగాడు. అరుగుమీద ఒంటరిగా కూర్చున్న వరహాలు, దూరంనుంచే అల్లుణ్ణి గుర్తుపట్టి నిటారుగా లేచాడు. ఎందుకు వచ్చావని అడగలేదు. లోపలికి వెళ్ళి భార్య మూట తెచ్చి బండిలో పెట్టాడు.