నాలుగో సాంచె మీద అణువు

ఆ ఆదివారం సిరిసిల్లలో నర్సింగం ఇంట్లో అనుకున్నది చిన్న పనే, ఒక ఉపన్యాసం సాధన చేయడం. మరునాడు జగిత్యాలలో వక్తృత్వ పోటీ ఉంది. అణువిద్యుత్తు మేలా, మిగతావి మేలా అన్న దాని మీద అతని కూతురు శైలజ మాట్లాడాలి. కిందటిసారి వేదిక ఎక్కి, నోరు పెగలక ఏడుస్తూ దిగింది. ఈసారీ అదే జరిగితే ఇక జన్మలో వేదిక ఎక్కనని తండ్రికి చెప్పేసింది.

పాయింట్లు గుర్తుండాలని, తండ్రి మరమగ్గాల షెడ్డులో నడుస్తున్న నాలుగు సాంచెల మీద సుద్దముక్కతో "బొగ్గు", "నీళ్లు", "ఎండ", "అణువిద్యుత్తు" అని రాసుకుంది. చిక్కంతా అక్కడే వచ్చింది. ఎవరి ఆర్డరు బట్ట నేస్తుంటే వాళ్ల పేరు సాంచె మీద రాయడం ఆ షెడ్డులో రివాజు.

నూలు కండెలు చుట్టడానికి వచ్చిన పక్కింటి కొమురవ్వ నాలుగో సాంచెను చూసి, అణు కరెంటువాళ్ల ఆర్డరు వచ్చిందని గల్లీకి చెప్పింది. ఆర్డరు వచ్చిందంటే ఊళ్లోకి అణువిద్యుత్ కేంద్రమూ వస్తున్నట్టేనని గల్లీ తేల్చింది. ఒకాయన కొడుకు ఉద్యోగం కోసం సర్టిఫికెట్లు పట్టుకొచ్చాడు. కోరుట్ల నుంచి నర్సింగం చెల్లెలు ఫోన్ చేసి ఏడ్చింది. "అన్నా, పిల్లను తీస్కొని మా ఇంటికి రాండ్రి!"

వీధి చివరి ముసలాయన భీమయ్య గల్లీ జనాన్ని వెంటేసుకుని నేరుగా షెడ్డులోకే వచ్చాడు. "నర్సింగం, నా ఇల్లు ఉంటదా, పోతదా? ముందు గా సంగతి చెప్పు!"

సాంచెల చప్పుడులో నర్సింగం మొత్తుకున్నది ఎవరికీ వినబడలేదు. సాయంత్రానికి బట్ట పంపాలి కనుక వాటిని ఆపే వీలూ లేదు. దిక్కుతోచక కూతురిని ముందుకు నెట్టాడు. "నాకేం ఎర్క? దాన్నడుగుండ్రి!"

శైలజ ఉన్న గొంతంతా ఎత్తింది. "కేంద్రం లేదు, ఏం లేదు తాతా! గా పేరు నా పోటీ కోసం రాసుకున్న!"

పనులు మానుకుని వచ్చినవాళ్లు ఊరికే పోతారా?

"గట్లనా? మరి గా కరెంటు మంచిదా, కాదా?" అన్నాడు భీమయ్య.

"పొగ రాదు. రాత్రీపగలు నడుస్తది. గని కట్టుడుకు ఏండ్లు పడ్తది, ఖర్చు మస్తు. మిగిలిన చెత్తకు తరాల కొద్దీ కావలుండాలె!"

"ఎండ కరెంటు అగ్గువ, తక్కువ పైసలకే వస్తది గదనే?" అంది కొమురవ్వ.

"అగ్గువనే అవ్వా! పొద్దుగూకినంక బ్యాటరీలు కావాలె. వాన లేకుంటె నీళ్ల కరెంటు లేదు. బొగ్గు ఉంటది గని పొగను మనమే మింగాలె!"

"అయితె ఏది కావాల్నంటవ్?" భీమయ్య వదల్లేదు.

"ఒక్కదాన్నే నమ్ముకుంటె ఆగమైతం! ఎండదీ నడవాలె, ఎండ లేనప్పుడు ఆదుకునేటందుకు అణువుదీ ఉండాలె!"

చీకటి పడేదాకా అడుగుతూనే ఉన్నారు. అందరూ వెళ్లాక శైలజ బొంగురు గొంతుతో కొమురవ్వ చేయి పట్టుకుంది. "మా సారు గూడ గిన్ని అడగలే అవ్వా. నీ పుణ్యాన భయం పోయింది." తిట్టో మెప్పో తెలియక కొమురవ్వ చాయ్ అడిగి తాగింది.

మరునాడు పోటీ మొదలవుతూనే మైకు మూగబోయి, ఫ్యాన్లు ఆగిపోయాయి. మిగతా పిల్లల మాటలు మూడో వరుస దాటలేదు. నాలుగు సాంచెల చప్పుడు మీద గెలిచిన శైలజ గొంతు గేటు దాకా వినిపించింది. మొదటి బహుమతి అందుకుని, ఆ పిల్ల ముందుగా ఫోన్ చేసింది కొమురవ్వకే.

ఏ కరెంటు మేలో తేల్చే ఆ పోటీ, కరెంటు రాకముందే ముగిసింది.