ప్రమాదాలు లేని సైకిల్ దారి

మా వీధి సైకిల్ దారికి ఏడాది నిండింది. ఈ ఏడాదిలో దానిమీద ఒక్క సైకిల్ ప్రమాదం కూడా జరగలేదని వీధి సంఘం కార్యదర్శి హోదాలో మిక్కిలి సంతోషంతో తెలియజేస్తున్నాను. ఇంత భద్రత ఎలా సాధించారని పక్క వీధులవాళ్లు వచ్చి అడిగి వెళుతున్నారు. దాచుకునే స్వభావం మాది కాదు కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతాను.

అంతకుముందు మా వీధిలో రోజూ సైకిల్ తొక్కే మనిషి ఒక్కతే ఉండేది. చివరింటి పై వాటాలో ఉండే నర్సమ్మ. సైకిల్ మీదే ఆసుపత్రికి డ్యూటీకి వెళ్లేది, సైకిల్ మీదే తిరిగొచ్చేది. ఆమెను చూసి మేమంతా గర్వపడేవాళ్లం. ఒళ్లు ఎంత తేలిగ్గా ఉందో చూడండని కారు అద్దాలు దించి మరీ మెచ్చుకునేవాళ్లం. ఆమెకు బళ్లో చదివే కూతురుంది. మేనమామ ఆ పిల్లకి కొత్త సైకిల్ కొనిచ్చాడు. గేటు లోపల గుండ్రంగా తిరగడం తప్ప, రోడ్డెక్కడానికి తల్లి ససేమిరా అంది. పిల్లకు మాత్రం లోకంలో మరో కోరిక లేదు. తన సైకిల్ మీద తన బడికి తను వెళ్లాలి, అంతే.

ఇలా ఉండగా మా సంఘం అధ్యక్షులు, గుండె డాక్టరుగారు, సైకిల్ తొక్కడంవల్ల గుండెకు కలిగే మేలు గురించి ప్రసంగించడానికి బయల్దేరారు. వీధిలో ఆపి ఉన్న కారులో కూర్చున్నాక కళ్లజోడు ఇంట్లో మరిచిపోయానని గుర్తొచ్చి, తలుపు చటుక్కున తీశారు. వెనకనుంచి వస్తున్న నర్సమ్మ తలుపుకు కొట్టుకుని పడింది. మోచెయ్యి విరిగింది. డాక్టరుగారు చాలా నొచ్చుకున్నారు. ఆమెను తన కారులోనే ఆసుపత్రిలో దించి, అటునుంచి అటే సభకు వెళ్లి, జరిగిన సంఘటనను కూడా ప్రసంగంలో కలుపుకున్నారు. చప్పట్లు ఆగలేదట.

దాంతో వీధి అంతరాత్మ మేల్కొంది. సైకిళ్లకు ప్రత్యేకంగా దారి వెయ్యాలని పురపాలక సంఘానికి అర్జీ పెట్టాం. ఇంజనీరు వచ్చి టేపు పట్టి కొలిచి, ఎడమ అంచున పచ్చరంగు దారి వస్తుందని ప్రకటించాడు. నర్సమ్మ కూతురు మెట్లమీద నిలబడి అంతా వింటోంది.

"అమ్మా, దారేస్తే నేను బడికి సైకిల్ మీద వెళ్లొచ్చా?"

"వెయ్యనీ, వెళ్దువుగాని. నేను ముందు, నువ్వు నా వెనకాల," అంది నర్సమ్మ, కట్టుకట్టిన చేతిని ఒళ్లో సర్దుకుంటూ.

మా అందరి మనసులూ కరిగిపోయాయి. నాకైతే కళ్లు చెమర్చాయి, అబద్ధమెందుకు.

ప్రారంభోత్సవానికి నగర పెద్దలు పరివారంతో విచ్చేశారు. వచ్చినవాళ్లందరివీ కార్లే. వీధిలో ఖాళీగా, శుభ్రంగా ఉన్న చోటు సైకిల్ దారి ఒక్కటే కావడంతో డ్రైవర్లు బళ్లను అక్కడే వరసగా ఆపారు. రిబ్బను కట్టడానికి స్తంభాలు దొరక్కపోతే రెండు కార్ల అద్దాలకు కట్టి పని కానిచ్చారు. "ఈ దారి మన ఆరోగ్యానికి దారి, గాలికి దారి, రేపటి తరానికి దారి" అని వాళ్లలో ఒక పెద్దాయన గొంతెత్తి చెప్పారు. తల్లీ కూతుళ్లను సైకిళ్లతో నిలబెట్టి ఫోటోలు తీశారు. ఆ తర్వాత వాళ్లు తొక్కి చూపించాల్సి ఉంది. కార్లు తీద్దామంటే డ్రైవర్లు టీకి వెళ్లారు. ఇద్దరూ సైకిళ్లు నడిపించుకుంటూ ఇంటికి వెళ్లిపోయారు.

అతిథులకు లేని అభ్యంతరం ఇంటివాళ్లకు పెట్టడం మర్యాద కాదు. మర్నాడు డాక్టరుగారి కారు పచ్చ దారిలోకి చేరింది. ఆ వెనకే మిగతావీ చేరాయి. అంతకుముందు అడ్డదిడ్డంగా ఉండే కార్లు గీత గీసినట్టు ఒకే వరసలో నిలబడ్డాయి. క్రమశిక్షణ అంటే ఏమిటో మా వీధిని చూసి నేర్చుకోవాలి.

నర్సమ్మ సంఘం సమావేశానికి వచ్చింది. "డాక్టరుగారూ, దారినిండా కార్లే ఉన్నాయండీ. నేను మళ్లీ రోడ్డు మధ్యలోనే తొక్కాల్సొస్తోంది."

"రోడ్డు మధ్యలోనా! అమ్మో, ఎంత ప్రమాదం!" అన్నారు డాక్టరుగారు ఉలిక్కిపడి. "అందుకేగదమ్మా మేం దారి వేయించింది!"

అయినా సమస్యను గాలికి వదిలెయ్యలేదు. ఇంజనీరును పిలిపించాం. అతను కార్లు లోపలికి రాకుండా గీత పొడుగునా ఇనప గుంజలు పాతించాడు. పాతేటప్పటికే కార్లు లోపలున్నాయి. అవి బయటికి రాలేక, పాపం, యజమానులు నానా ఇబ్బంది పడ్డారు. మానవతా దృక్పథంతో గుంజలు పీకించాం. వాటి బదులు "కార్లు ఆగి ఉన్నవి, సైకిళ్లు జాగ్రత్తగా పోవలెను" అని చక్కటి బోర్డు పెట్టించాం.

తర్వాత డాక్టరుగారు అసలైన పరిష్కారం కనిపెట్టారు. సంఘం హాలులో కదలని వ్యాయామ సైకిళ్లు రెండు పెట్టించారు. హాలు మొదటి అంతస్తులో ఉంది, లిఫ్టు ఉంది. "ఎండ లేదు, పొగ లేదు, తలుపు తగిలే భయం లేదు. ఇదీ సురక్షితమైన సైక్లింగంటే!" అని ఉపన్యసించి, మొదట నర్సమ్మ కూతుర్ని ఎక్కించారు. పిల్ల కాసేపు బుద్ధిగా తొక్కింది.

"తాతగారూ, దీనిమీద మా బడికి ఎంతసేపట్లో వెళ్తాను?"

అందరూ పకపకా నవ్వారు. నాకు మాత్రం ఆ మాట గుచ్చుకుంది. నా కారు తీసి ఎక్కడైనా దూరంగా పెడదామని తాళంచెవి పట్టుకుని కిందికి దిగాను కూడా. నేను తీస్తే ఆ ఖాళీలో ఎదురింటి కంట్రాక్టరు తన రెండో బండి పెట్టేస్తాడని తోచి ఆగిపోయాను. అతనూ సరిగ్గా నా గురించి ఇలాగే అనుకుని ఆగిపోయానని తర్వాత చెప్పాడు.

ఆఖరికి ఒకరోజు పొద్దున తల్లీ కూతుళ్లు ధైర్యం చేసి రోడ్డెక్కారు. నేను ముందు, నువ్వు వెనకాల అన్న మాట ప్రకారమే వెళ్లారు. మలుపు దాకా బాగానే సాగింది. అక్కడ వెనకనుంచి బస్సు గట్టిగా హారన్ కొట్టింది. పిల్ల బెదిరి, హాండిల్ వదిలేసి రోడ్డుమీద పడింది. బస్సు జానెడు దూరంలో ఆగింది. మోకాలు చీరుకుపోవడం తప్ప ఏమీ కాలేదు, మా అదృష్టం.

ఆ వారమే నర్సమ్మ రెండు సైకిళ్లూ అమ్మేసి పాత కారొకటి కొనుక్కుంది. ఆమె కారు వీధిలోకి తిరగగానే గేట్ల దగ్గరికొచ్చి చప్పట్లు కొట్టాం. డాక్టరుగారు స్వయంగా ముందు నిలబడి "రానీ, రానీ, ఇంకాస్త ఎడమకి తిప్పమ్మా" అంటూ పచ్చ దారిలో మిగిలిన ఒక్క ఖాళీలో పెట్టించారు. ఎంత ఆప్యాయంగా పలకరించినా, వెనక సీట్లోంచి పిల్ల మావైపు చూడలేదు.

ఇక దారిలో సూది దూరే సందు లేదు. మా అల్లుడొస్తే కారు పెట్టుకోవడానికి చోటు కరువైంది. అందుచేత, ప్రజల్లో సైకిల్ దారికి నానాటికీ పెరుగుతున్న ఆదరణ దృష్ట్యా, దాని వెడల్పును వెంటనే రెట్టింపు చెయ్యాలని ప్రభుత్వంవారిని కోరుతూ సంతకాలు సేకరిస్తున్నాం. సైకిల్ మీద అభిమానమున్న మీరు కూడా వచ్చి ఒక సంతకం పెట్టి వెళ్లండి. బండి ఎక్కడ ఆపాలా అని సందేహం వద్దు. మీ వీధిలో ఎక్కడ ఆపుతున్నారో, ఇక్కడా అక్కడే.