గోడకు అడుగు ఇవతల

పెరట్లో ఎండిన చెట్టును చూస్తే చాలు, గుమాస్తాగారికి గుండె దడ. కొమ్మల బరువంతా ప్రహరీ గోడ వైపే. గోడకవతల ఇల్లు ఎవరిదో కాదు, ఆయన ఆఫీసు మేనేజరుది. గోడను ఆనుకునే మేనేజరుగారి కొత్త కారు. చెట్టు దాని మీద పడిందా, ఉద్యోగం గోవిందా!

"పైనుంచి ముక్కముక్కలుగా కొట్టిద్దామండీ," అంది భార్య.

"అదెప్పటికయ్యేను? ఒక్క కోతలో పడేద్దాం. ఎత్తు తెలిస్తే చాలు. టాన్ ఉందిగా!"

"అదెవరు?"

"మనిషి కాదే! ఎత్తును దూరంతో భాగిస్తే వచ్చేది. దూరం తెలుసు, కోణం తెలుసు, ఇంక ఎత్తు ఎక్కడికి పోతుంది?"

కూతురి కోణమానిని పుచ్చుకుని, గోడకు వీపు ఆనించి, ఒంటికంటితో చెట్టు కొనను చూశాడు. నలభై నాలుగు డిగ్రీలు. చెట్టు దాకా ముప్ఫై అడుగులు. కాలిక్యులేటర్ నొక్కాడు.

"ఎంతండీ?"

"అరడుగు."

"అంత చెట్టా? మీ చెప్పు ఇంకా పొడుగుంటుంది!"

ఆయనకు ముచ్చెమటలు పోశాయి. లోపల్నుంచి కూతురు కేకేసింది. "నాన్నా, అది రేడియన్లలో ఉంది. డిగ్రీల్లో పెట్టు!"

పెడితే టాన్ ఒకటికి కాస్త తక్కువ వచ్చింది. ముప్ఫైతో గుణిస్తే ఇరవై తొమ్మిది అడుగులు.

"చూశావా! గోడకు అడుగు ఇవతలే ఆగుతుంది," అని మీసం దువ్వాడు.

"ఏవండీ, నిలబడి చూశారా, పడుకుని చూశారా?"

"పడుకుని చూడ్డానికి నాకేం ఖర్మ? నిలబడే!"

"మరి మీ కంటి కిందున్న అయిదడుగులో?"

"నా ఒడ్డూ పొడుగూ చెట్టుకెందుకే? లెక్కకు అడ్డు రాకు!"

ఆవిడ వీధిలోకి వెళ్ళిపోయింది.

చెట్లు కొట్టేవాడు రంపం పెట్టాడు. చెట్టు కిర్రుమంది. గుమాస్తాగారు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని చూస్తున్నాడు. ఒరిగింది, గోడ దాకా వచ్చింది, ఆగితేనా! కొన గోడ దాటి అవతల ఫెళ్ళున పడింది.

"చచ్చాన్రా దేవుడా!" అంటూ కూలబడ్డాడు.

గోడ మీదుగా మేనేజరు తల లేచింది. చిత్రం, నవ్వుతున్నాడు!

"భలే లెక్కయ్యా! నాలుగడుగులు ఇటు వస్తుంది, కారు తీసేయమని మీ ఆవిడ ఇందాకే వచ్చి చెప్పారు. చూడు, సరిగ్గా నాలుగే!"

గుమాస్తాగారికి పోయిన ప్రాణం లేచొచ్చింది. దాంతోపాటు నోరూ లేచింది. "అదేమంత విద్య కాదు సార్, టాన్ అని..."

"మా వెనకాల ఇంకో చెట్టుంది. రేపు దాన్నీ కొలవాలి."

"ఎన్నింటికి రమ్మంటారు సార్?"

"నువ్వొద్దయ్యా!" మేనేజరు కంగారుపడిపోయాడు. "ఆవిణ్ణి పంపించు."