పొట్టి టార్క్ ఆర్మ్ ప్రతాపం

పందెంలో గీత ముందు దాటినవాడు గెలిచినట్టా, ఓడినట్టా? మీరే చెప్పండి. నేను మా ఆవిడకంటే కారు పొడుగంత ముందు దాటాను. ఇండియానాలో మా ఊరి జనమంతా కళ్ళప్పగించి చూశారు. అయినా ఓడిపోయానట. ఈ కడుపుమంట ఎవరితోనైనా చెప్పుకోకపోతే చల్లారేలా లేదు, కూర్చోండి.

నాకో ఎర్ర కారుంది. పావు మైలు పందేల కోసం పదేళ్ళుగా సాకుతున్నాను. వెనక ఇరుసు మెలితిరక్కుండా అదిమిపట్టే ఇనప చెయ్యి ఒకటి దాని పొట్ట కింద ఉంటుంది. దాన్నే టార్క్ ఆర్మ్ అంటాం. దాని ముందు కొస గేర్‌బాక్సు తోకకి బిగించి ఉంటుంది. కూరగాయలు తెచ్చుకోవడానికైతే ఆ ఏర్పాటు బ్రహ్మాండం. మెత్తటి టైర్లు వేసుకుని, పచ్చదీపం వెలగ్గానే తొక్కామా, దెబ్బంతా పోయి ఆ తోక మీదే పడుతుంది. ఏప్రిల్లో ఒక గేర్‌బాక్సు పగిలింది. జూలైలో రెండోది.

మా ఆవిడ పేరు మార్వా. బడి వంటశాలలో నాలుగొందల మంది పిల్లల చేత నోరెత్తకుండా బఠాణీలు తినిపించే మనిషి. ఆవిడా పందెం తోలుతుంది, వాళ్ళ నాన్న నేర్పాడు. ఆవిడ పాత ట్రక్కు పేరు బిస్కట్. పావు మైలుకి పదిహేను పాయింట్ ఇరవై సెకన్లు తీసుకుంటుంది. నూరుసార్లు పోయినా నూరుసార్లూ అంతే. ఈలోగా నేను గీత దాటి, అవతల కాఫీ తాగి, కప్పు కడిగి పెట్టొచ్చు.

రెండో గేర్‌బాక్సు పగిలిన రోజు భోజనాల దగ్గర మొదలుపెట్టింది. పొడుగు టార్క్ ఆర్మ్ కొనమంది. దాని ముందు కొస గేర్‌బాక్సు జోలికి పోకుండా విడిగా ఒక అడ్డకమ్మీకి బిగుస్తుందట, బ్రేకు వేసినా బండి చెప్పిన మాట వింటుందట. ఇరవై ఏళ్ళుగా స్పానర్ పట్టినవాణ్ణి, బఠాణీలు ఉడకబెట్టే మనిషి నాకు పాఠం చెప్పడమేమిటి? నాకు ఒళ్ళు మండిపోయింది. పాతదే చాలు, ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తకు అన్నాను. ఆవిడ ఎత్తింది. ఆరు వారాలు రోజూ ఎత్తింది.

మా పక్కింటి క్లీటస్‌ని ఊళ్ళో అందరూ గ్యారంటీ క్లీటస్ అంటారు. వాన పడదని వాడు గ్యారంటీ ఇస్తే జనం గొడుగులు తీస్తారు. పొట్టి ఆర్మ్ కొనమన్నాడు వాడు. పొట్టిదీ గేర్‌బాక్సు జోలికి పోదనీ, పైగా వెనక చక్రాలను నేలకి మరీ గట్టిగా తొక్కిపెడుతుందనీ, కారు గుర్రంలా ముందుకాళ్ళు లేపుతుందనీ గ్యారంటీ ఇచ్చాడు. బ్రేకు సంగతి వాడు చెప్పలేదు, నేను అడగలేదు.

రహస్యంగా తెప్పించాను, వాడి ఇంటికే. పాతదాన్ని పీకేశానని మార్వాకి తెలిస్తే "చూశావా, నేను చెప్పలేదూ" అంటుంది కదా, ఆ మాట వినడం కంటే గుండుసున్నా మార్కులు తెచ్చుకోవడం నయం. ఆవిడ బడికి వెళ్ళిన పూట బిగించేశాను. తరవాతి వారం గురువారం పందేల మైదానంలో ఒంటరిగా తోలి చూస్తే, పదకొండూ అరవై సెకన్లలో పోయే కారు పదకొండూ ముప్పై ఎనిమిదిలో పోయింది. ఆనందంతో క్లీటస్‌ని కౌగిలించుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు కడుక్కోవాలనిపిస్తుంది.

అసలు సంగతి ఇక్కడుంది. మా పందెంలో ఎవరి సమయం వాళ్ళు ముందే బండి అద్దం మీద రాసుకోవాలి. నెమ్మది బండిని ఆ తేడా కొద్దీ ముందు వదులుతారు. రాసినదానికంటే వేగంగా పోయావో, ఓడిపోయినట్టే. ఆ ఏడాది చివరి పందేనికి మిగిలింది ఇద్దరం, నేనూ మా ఆవిడానూ.

ఆ వారం సోమవారమే, అంటే నేను కారు తోలి చూడకముందే, మార్వా గిన్నెలు తుడుస్తూ ఒక ఒప్పందం పెట్టింది.

"శనివారం నేను గెలిస్తే వచ్చే ఏడాది ఎర్ర కారు నాది. బిస్కట్ నువ్వు తోలుకో."

"నేను గెలిస్తే?"

"చచ్చేదాకా టార్క్ ఆర్మ్ మాట ఎత్తను."

ఆ వరం కోసం ఒక కిడ్నీ అడిగినా ఇచ్చేవాణ్ణి. చెయ్యి చాచి ఒప్పేసుకున్నాను.

శనివారం మధ్యాహ్నం అద్దం మీద ఏం రాయాలి? నిజం రాస్తే కొత్త ఆర్మ్ బయటపడుతుంది. పాత అంకే రాశాను, పదకొండూ అరవై. మిగిలిన వేగం జేబులో దాచుకుని, చివర్లో కాస్త బ్రేకు నొక్కి, ఆవిడకంటే జానెడు ముందు దాటితే చాలుననుకున్నాను. ఇందులో తప్పేముంది? అందరూ చేసేదే.

బిస్కట్ ముందు కదిలింది. మూడున్నర సెకన్ల పైచిలుకు నేను పళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాను. నా దీపం పడగానే తొక్కాను. నిజంగానే గుర్రంలా లేచింది. గీతకి కొంచెం ముందు ఆవిడ పక్కకి చేరాను. ఇంక పెడల్ మీద మెల్లగా కాలు వేయడమే తరువాయి.

సరిగ్గా అప్పుడు ఆవిడ బ్రేకు తొక్కింది. గెలవాల్సిన మనిషి, గీత ముందు, బ్రేకు.

బిస్కట్ వెనకబడిపోయింది, నేను ముందుకి దూసుకుపోతున్నాను. గాభరాపడి నేనూ గట్టిగా తొక్కాను. అంతే, నా కారు వెనకభాగం కప్పలా ఎగరడం మొదలుపెట్టింది. నా పళ్ళు ఒకదానికొకటి కొట్టుకున్నాయి. కాలు తీసేశాను. తీయక చస్తానా? కారు ఝామ్మని గీత దాటింది. బోర్డు మీద పదకొండూ నలభై తొమ్మిది పడింది, నేను రాసినదానికంటే వేగం. గెలుపు దీపం ఆవిడ వైపు వెలిగింది.

మైదానం అవతల కారు దిగి అన్యాయమని అరిచాను. మార్వా హెల్మెట్ తీసి జుట్టు సర్దుకుంది.

"పొట్టి ఆర్మ్‌కి బ్రేకు పడదు నాయనా. నొక్కితే ఎగురుతుంది. ఆరు వారాలుగా చెబుతున్నది అదేగా."

"పొట్టిదని నీకెవరు చెప్పారు?"

పోయిన ఆదివారం చర్చి భోజనాల దగ్గర, బంగాళాదుంపల గిన్నె అందిస్తూ క్లీటస్సే అడిగాడట, వర్లిన్‌కి, అంటే నాకు, కొత్త పొట్టి ఆర్మ్ ఎలా ఉందని. ఎవరికీ చెప్పనని నాకు గ్యారంటీ ఇచ్చిన మనిషి. ఆదివారం ఆవిడకి తెలిసింది, సోమవారం ఒప్పందం పెట్టింది. లెక్క చూసుకోండి. ఇది మోసం కాదా? నేను దాచుకుంటే మోసమూ, ఆవిడ దాచుకుంటే తెలివీనా?

ఇది చాలదన్నట్టు మర్నాడు విడిభాగాల పుస్తకం తెచ్చి నా కాఫీ పక్కన పెట్టింది. కారు తనదైంది కదా, దానికి మంచి టార్క్ ఆర్మ్ నన్నే ఎంచి పెట్టమంది. నేను పొడుగు దాని మీద వేలు పెట్టాను.

"ఎందుకూ, అదే ఎందుకు?" అంది.

ఏం చేస్తాను? విడి అడ్డకమ్మీ గురించి, గేర్‌బాక్సు తోక గురించి, బ్రేకు వేసినా మాట వినడం గురించి, ఆరు వారాల పాఠం పొల్లుపోకుండా అప్పజెప్పాను. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, మొదటిసారి వింటున్న దానిలా అంతా విన్నది.

"బాగా తెలిసినవాళ్ళే ఎవరో చెప్పినట్టున్నారు నీకు," అంది.

అవునన్నాను. ఇంకేమంటాను?