కోడలి పరీక్ష, మామగారి కట్టు

ఆ రోజు వీరేశం కందుల దుకాణం తెరవలేదు. పొద్దున్నే కోడలి వెంట వికారాబాదు బయలుదేరాలని ఆయన ఉబలాటం. కోడలు సాహిత్యకు అక్కడ కరాటే శిక్షకుల అర్హత పరీక్ష. నల్ల బెల్టు ఆమెకు పెళ్లికి ముందే ఉంది. అయితే బెల్టు ఉన్నంత మాత్రాన పిల్లలను అప్పగించలేమని, పరీక్ష నెగ్గి వస్తేనే సోమవారం నుంచి ఆడపిల్లల తరగతి ఇస్తామని తాండూరులోని బడివాళ్లు ఖరాఖండిగా చెప్పేశారు.

పరీక్షలో తన్నులూ గుద్దులూ లేవు. దెబ్బ తగిలిన మనిషికి కదిలినా జారని కట్టు కట్టి చూపాలి. ఎన్నడూ కరాటే ఎరగని మనిషికి ఒక్క పట్టయినా అక్కడికక్కడ నేర్పి చూపాలి. ఎవరినైనా కొట్టిందని ఫిర్యాదు వచ్చిందో, గుమ్మంలోంచే వెనక్కి పంపుతారు. మనిషిని మాత్రం ఎవరికి వారే తెచ్చుకోవాలి.

"ఎవరో ఎందుకు బిడ్డా, నేనున్న గద" అని వీరేశం ముందే మాటిచ్చాడు. కోడలు నలుగురికీ చదువు చెప్పినట్టు కరాటే చెబుతుందంటే ఆయనకు పట్టరాని సంబరం.

బయలుదేరే ముందు సాహిత్య ఒకసారి సాధన చేసింది. మామగారి ఎడమచేతికి చెక్కబద్దలు పెట్టి, మెడలోంచి గుడ్డతో వేలాడదీసింది. తలచుట్టూ తెల్లటి కట్టు చుట్టింది. అత్తగారు వసంతమ్మ వంటింట్లోంచి వచ్చి చూసి, "దెబ్బ లేకుంట కట్టేంది" అని కుంకుమ నూనెలో కలిపి నుదుటి మీద కట్టు అంచున ధారాళంగా పూసింది. అంతా ముచ్చటగా కుదిరింది. సాహిత్య ఇక విప్పబోయింది.

"ఆగు బిడ్డా. ఈడ కుట్టిన సంచిని తొవ్వల ఎవడన్న ఇప్పుతడా? గిట్లనే పోదాం."

"ఆడ మల్ల కడత మామయ్యా. జనం చూస్తే ఏమనుకుంటరు?"

"ఏమనుకుంటరు? కట్టు మంచిగున్నదనుకుంటరు."

జీవితమంతా బస్తాలు కట్టించిన మనిషితో వాదించి లాభం లేదని సాహిత్య ఊరుకుంది. అక్కడే పొరపాటు జరిగిపోయింది.

బస్టాండులో పక్క దుకాణం మల్లప్ప ఎదురయ్యాడు. "ఏమైంది వీరేశం? ఎవరు గొట్టిన్రు?"

"ఎవరు గొట్టలే. మా కోడలు కట్టిన కట్టు."

మల్లప్ప సాహిత్యను చూశాడు. తెల్లటి కరాటే బట్టలు, నడుముకు నల్ల బెల్టు. రెండడుగులు వెనక్కి వేశాడు. "కొట్టిన చెయ్యే కట్టు గూడ కట్టిందా? పోనీ, గదన్న నయం."

"కొట్టలేదంటున్న గద."

"నాకు సమజైంది. నువ్వు జర మెల్లగ మాట్లాడు, ఆమె ఇంటది" అని చెవిలో చెప్పి, మల్లప్ప ఫోను తీస్తూ బజారు వైపు పరుగెత్తాడు.

బస్సెక్కితే కండక్టరు వీరేశాన్ని ముందు సీట్లో కూర్చోబెట్టి, సాహిత్యను చివరి సీటుకు పంపించాడు. పక్కనున్న ముసలమ్మ వీరేశం మోకాలు నిమిరింది. "కొడుక్కు చెప్పినవా అయ్యా?"

"మా కోడలు బంగారం. నన్ను కన్నతండ్రి లెక్క చూసుకుంటది."

ముసలమ్మ కళ్లొత్తుకుంది. "గింత జరిగినా కోడల్ని ఒక్క మాట అంటలేడు. ఎంత బయపెట్టిందో." ఆ మాటకు బస్సులో సగం మంది వెనక్కి తిరిగి సాహిత్యను చూశారు. మిగతా సగం చూసే ధైర్యం చేయలేదు.

అంతలో హైదరాబాదు నుంచి కొడుకు వినయ్ ఫోను. "నాయినా, సాహిత్యను ఏమన్నవ్ నువ్వు?"

"నేనేమనలేదురా."

"ఏమనకపోతే ఊకెనే కొడతదా?"

కన్నకొడుకు కూడా నమ్మేసరికి వీరేశానికి కడుపు మండిపోయింది. కాదన్న కొద్దీ కథ ముదురుతోంది. అవునంటేనైనా ఆగుతుందేమో అన్న ఆలోచన కూడా వచ్చింది కానీ, అది మరీ ప్రమాదమని మానుకున్నాడు.

వికారాబాదులో పరీక్ష జరిగే హాలు ముందు తాండూరు బజారువాళ్ల కారు బస్సుకన్నా ముందే వచ్చి నిలబడి ఉంది. వర్తకుల సంఘం అధ్యక్షుడు జనార్దన్, వెనక మల్లప్ప. జనార్దన్ భారీ మనిషి, అందులోనూ న్యాయం చెయ్యాలని నడుం బిగించి వచ్చాడు. అప్పటికే పరీక్షాధికారి ఏసుదాసును గుమ్మంలోకి పిలిపించి ఫిర్యాదు అప్పజెప్పాడు.

"పెద్దాయనా, భయపడకుండా చెప్పండి. ఈమె మిమ్మల్ని కొట్టిందా?" అని ఏసుదాసు అడిగాడు.

"లేదు సార్. ఇది ఉత్త కట్టు. దెబ్బే లేదు."

ఎండకు పలచబడిన నూనె సరిగ్గా అప్పుడే నుదుటి మీంచి ముక్కు దాకా ఎర్రగా జారింది.

"నెత్తురు" అన్నాడు మల్లప్ప.

"కుంకుమ. మా ఇంటామె పూసింది."

"అంటే అత్తకోడండ్లు ఇద్దరు గలిసిన్రన్నట్టు" అన్నాడు జనార్దన్.

ఏసుదాసు సాహిత్య వైపు తిరిగాడు. "ఈ సంగతి తేలేదాకా నిన్ను లోపలికి పంపలేనమ్మా." సాహిత్య తల వంచుకుంది. తన అతితెలివే కోడలి కొలువుకు ఎసరు పెట్టిందని వీరేశానికి తెలిసొచ్చింది.

"గీమె ముందల ఆయన నోరిప్పడు. దా వీరేశం, మా ఇంటికి పోదాం" అంటూ జనార్దన్ ఆయన కుడి మణికట్టు పట్టుకుని లాగాడు. వీరేశం ఇటు లాగాడు. జనార్దన్ అటు లాగాడు. ఆ పట్టు బండరాయిలా ఉంది.

"మామయ్యా, గుంజకుండ్రి" అంది సాహిత్య. గొంతు తొణకలేదు, నిలుచున్న చోటు నుంచి కదలలేదు. "గుంజుతే ఆయన బలమే గెలుస్తది. ఆయన బొటనవేలు దిక్కు మీ చెయ్యి మలుపుండ్రి. ఆఁ, గట్లనే. ఇగ మోచెయ్యి ముంగటికి తెచ్చి ఒక్కసారి మీదికి లేపుండ్రి."

వీరేశం లేపాడు. చెయ్యి వెన్నలోంచి వెంట్రుక వచ్చినట్టు విడివచ్చింది. ఒళ్లంతా బరువేసి లాగుతున్న జనార్దన్ ఆ ఊపున వెనక్కి పోయి, మల్లప్పను కలుపుకొని, గుమ్మం పక్కన పేర్చిన చాపల మీద వెల్లకిలా పడ్డాడు.

వీరేశం తన చేతిని తానే నమ్మలేనట్టు చూసుకున్నాడు. ఇంత ఆనందం కందుల ధర ఎంత పెరిగినా కలగలేదు.

"ఎన్నాళ్లుగా నేర్చుకుంటున్నారు?" అన్నాడు ఏసుదాసు.

"గిదే మొదటిది సార్" అన్నాడు వీరేశం ఆయాసపడుతూ. "మా కోడలిని ఇంకోటి నేర్పమంటరా?"

ఏసుదాసు దగ్గరికి వచ్చి ఎడమచేతి కట్టును లాగి చూశాడు. బద్ద జరగలేదు, ముడి వదులు కాలేదు. కట్టు కింద నుదురు తుడిచి చూస్తే చర్మం నున్నగా ఉంది. ఆయన మీసాల చాటున నవ్వుకున్నాడు. "కట్టూ చూశాను, పాఠమూ చూశాను. లోపలికి రా అమ్మా, సంతకం పెడుదువు."

"మరి మా ఫిర్యాదు సార్?" అని చాపల మీంచి జనార్దన్ మూలిగాడు.

"దెబ్బ తగిలింది మీకు. కొట్టింది మామ. మామకు మా దగ్గర పరీక్ష లేదు."

సోమవారం సాయంత్రం బడిలో ఆడపిల్లల తరగతి మొదలైంది. పిల్లల వెనక గోడవారగా జనార్దన్, మల్లప్ప, ఇళ్లలో కోడళ్లున్న మరికొందరు బజారు పెద్దలు పంచెలు బిగించి వరసగా నిలబడ్డారు. ఎందుకు వచ్చారని సాహిత్య అడిగితే అందరూ మోకాళ్ల నొప్పులకు మంచిదనే చెప్పారు.