వీరబాబు పడవకి కొత్త జాతి బూజు

చెక్క పుచ్చిపోతోందని కంగారు పడేవాళ్లని చూస్తే నాకు జాలి. ముందు పుచ్చబెడుతున్నది ఏ జాతో తేలాలి కదా! ఏడవడానికి తర్వాత బోలెడు తీరిక ఉంటుంది.

నమ్మకపోతే ఐ.పోలవరం రేవులో వీరబాబును అడగండి. చేపల వేట నిషేధం రోజుల్లో అందరిలాగే అతనూ తన కొయ్య పడవను గట్టు మీదకి లాగి బోర్లించాడు. పాడైన పలక మార్చి, తారు పూసి, నిషేధం ఎత్తేయగానే నీళ్లలోకి దింపడం ఏటా ఉన్న పనే. ఈసారి పక్క పలకల మీద తెల్లగా, అట్టు పోసినట్టు, ఒక బూజు పరుచుకుని కనిపించింది. గోకేద్దామని ఉలి పట్టుకున్నాడో లేదో, "ఆగండాగండి!" అంటూ ఒక పెద్దమనిషి పరిగెత్తుకొచ్చారు.

ఆయన వెంకటకృష్ణ గారు, శిలీంధ్రాల మీద పరిశోధన చేసే ప్రొఫెసరు. పడవ ముందు మోకాళ్ల మీద కూర్చుని, భూతద్దం తీసి, కళ్లనీళ్లు పెట్టుకున్నంత పని చేశారు.

"ఇది కొత్త జాతి అయి ఉండొచ్చు వీరబాబు గారూ. ఏ కుటుంబానిదో తేలేదాకా ముట్టుకోకండి. ఎండిపోనివ్వకండి."

మన సీమలో గుమ్మమెక్కినవాణ్ణి ఎవరి తాలూకో కనుక్కోకుండా పంపేస్తామా? వీరబాబుకి మనసొప్పలేదు.

"ఆయ్, అలాగేనండి. తవఁరు కనుక్కుని చెప్పండి," అని ఉలి పక్కన పెట్టేశాడు.

అతని భార్య పెద్దింట్లమ్మ మండిపడింది. "మాటిచ్చేసేవా? శానా బాగుంది. నిషేదం ఎత్తేసేక వల నెత్తినెట్టుకుని ఈదుకెళ్లు!"

"పెద్దాయన అంత ఇదిగా అడిగేరే. కాదంటే ఏం బాగుంటాది?"

ఇక మొదలైంది వైభోగం! గొడుగు లేదు, కాడ లేదు, చెక్కని కరుచుకుని పడుకుంది కాబట్టి ఫలానా కుటుంబం అన్నారు. మైక్రోస్కోపులో చూసి, కాదు, పక్క కుటుంబం అన్నారు. డీఎన్ఏ టెస్టు చేయిస్తే అసలు గొడుగులున్న పుట్టగొడుగులకే దగ్గర చుట్టమని తేలింది. దాన్ని ఇంకో పండితుడు ఒప్పుకోలేదు. ఇద్దరికీ సర్దిచెప్పడానికి మూడో ఆయన దిగారు. ఏ ఊళ్లో ఏ బూజుకి జరిగింది ఇంత మర్యాద?

ఈలోగా నిషేధం ఎత్తేశారు. రేవులో పడవలన్నీ వేటకెళ్లిపోయాయి. వీరబాబు మాత్రం తన పడవకి టార్పాలిన్ కప్పి, బూజు ఎండిపోకుండా పూటపూటా నీళ్లు చిలకరించాడు. కన్నబిడ్డకి కూడా అంత సేవ చేయలేదని పెద్దింట్లమ్మ దెప్పేది.

చివరికి పేరు ఖాయమైంది. కొత్త జాతే! సైన్సు పత్రికలో ఫోటో వేశారు. ప్రొఫెసరు గారు స్వీట్లు తెచ్చి, కావలసినంత ముక్క కోసుకుని, ఇక గోకేసుకోవచ్చని సెలవిచ్చారు. వీరబాబు సంబరంగా ఉలి ఆనించాడు. అది అవతలికి దిగిపోయింది. పక్క పలకా అంతే. దాని పక్కదీ అంతే.

ఏదైనా సాయం దొరుకుతుందేమోనని మొగుడూ పెళ్లాం మత్స్యశాఖ ఆఫీసుకి వెళ్లారు. అక్కడి గుమాస్తా వర్గీకరణలో ప్రొఫెసరు గారిని మించినవాడు. తుఫానుకి పోయిన పడవైతే ఒక రకం, ఓడ ఢీకొడితే ఇంకో రకం, బూజు తిన్న పడవ ఏ రకమూ కాదన్నాడు. పోనీ వేటకెళ్లేవాడిగా చూడమంటే పడవేదన్నాడు. కూలీవాడిగా చూడమంటే నువ్వు పడవ ఓనరువి కదయ్యా అన్నాడు. ఎంత శాస్త్రీయ దృక్పథం!

నిజం చెప్పొద్దూ, అది విన్నాక నాకు ఒళ్లు మండింది. బూజు సంగతి తేల్చడానికి ముగ్గురు పండితులు నిద్రలు మానుకున్నారు. మనిషి సంగతి తేల్చడానికి ఒక్కడు కుర్చీలోంచి లేవలేదు.

వీరబాబు మాత్రం అలవాటు కొద్దీ, "ఆయ్, మళ్లీ వస్తామండి," అని లేవబోయాడు. పెద్దింట్లమ్మ అతని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"బాబూ, ఆ ప్రొఫెసరు గారి నంబరిస్తాను, రాసుకోండి. బూజునైతే తేల్చేరు. ఈయన మడిసో కాదో కూడా ఆయన్నే తేల్చమనండి."