రెండుసార్లు చూసిన గడియారం

ఆ రోజు పొద్దున గడియారాలాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదికి దుకాణం తెరవాలి. తొమ్మిదిన్నరకు పట్టణ కార్యాలయం నుంచి వచ్చే అధికారిని మర్యాదగా కూర్చోబెట్టాలి. బజారు మధ్య మూడేళ్లుగా ఆగిపోయి ఉన్న స్తంభం గడియారాన్ని బాగుచేసి నడిపించే పని ఎలాగైనా చేజిక్కించుకోవాలి. జనం ఫోనులో టైము చూసుకోవడం మొదలుపెట్టాక దుకాణం ఈగలు తోలుకుంటోంది. ఈ పని దక్కకపోతే వచ్చే నెల తలుపులకు తాళం పెట్టడమే.

పథకం బాగానే ఉంది గాని, పథకం వేసిన మనిషికే నిద్ర లేదు. పట్టణ కార్యాలయానికి దరఖాస్తు పెట్టిన నాటి నుంచి ఆయన నిద్రలో పెడబొబ్బలు పెడుతున్నాడు. లేచేసరికి పక్క చెమటతో తడిసి ఉంటుంది, గొంతు బొంగురుపోయి ఉంటుంది. దేనికి భయపడ్డాడో మాత్రం ఒక్క ముక్క గుర్తుండదు. తరిమేదేమిటో తెలిస్తే కాస్త నయం. ఇది ఊరూ పేరూ లేని భయం కావడంతో, ఆయన మంచం ఎక్కడానికే వెనకాడేవాడు. భార్య దిండు తీసుకుని పక్కగదికి మకాం మార్చింది.

మందుల దుకాణంలో పనిచేసే బావమరిది దీనికో ఉపాయం చెప్పాడు.

"కలలో ఉండగానే ఇది కల అని తెలుసుకోవచ్చు బావా. తెలిసిపోతే ఇంక భయముండదు. ఎగరాలనుంటే ఎగరొచ్చు. తరిమేవాడికి ఎదురుతిరిగి, ఎవరు నువ్వు, నీకేం కావాలి అని అడగొచ్చు."

"కల అని ఎలా తెలుస్తుందిరా?"

"గడియారం చూడండి. తల తిప్పుకుని మళ్లీ చూడండి. రెండు టైములకీ పొంతన లేకపోతే అది కల. కానీ అది తర్వాతి మాట. ముందు కలలు గుర్తుండాలి. లేవగానే కదలకుండా పడుకుని, గుర్తొచ్చినదంతా నోటుబుక్కులో రాయండి. లేకపోతే కల మధ్యలో మీకు తెలివొచ్చినా, తెలివొచ్చిందన్న సంగతే పొద్దున్నకి మర్చిపోతారు. ఏం లాభం?"

"నేను అరిచేదేంటో మీ అక్క వింటూనే ఉందిగా. తను చెప్పొచ్చుగా?"

"చెబితే అది అక్క కథ అవుతుంది. మీ అంతట మీకే గుర్తుకు రావాలి. అక్కా, నువ్వు నోరు మెదపకు."

ఆవిడ నోరు మెదపలేదు. విన్న మాటలను మాత్రం పాత క్యాలెండరు కాగితాల వెనక రాసి దిండు కింద దాచింది.

గడియారాలాయన నోటుబుక్కు తెరిచి మొదటి రోజు "ఏమీ గుర్తులేదు" అని రాశాడు. రెండో రోజు "నిన్నటిలాగే" అని రాశాడు. తర్వాతి పందొమ్మిది పేజీల్లోనూ తేదీ తప్ప ఇంకేమీ లేదు. ఇరవై రెండో రోజున విసుగెత్తి నోటుబుక్కును అటకెక్కించేశాడు. నిజానికి స్టూలెక్కి పైన పెట్టింది భార్యే. దుకాణంలో పై అరల్లోని గడియారాలు దించేదీ ఆవిడే. స్టూలు పనులు ఆయనకు మొదటినుంచీ పడవు. గుర్తుండడం సంగతి తర్వాత చూసుకోవచ్చని, ఆయన ఏకంగా గడియారం పరీక్షకు దిగాడు.

దుకాణంలో అరవై గడియారాలున్నాయి, అరవైకీ అరవై టైములు. నమ్మదగినది నడిగోడ మీద ఉన్న తాతగారి నాటి లోలకం గడియారం ఒక్కటే. దాని అద్దం మీద వెంట్రుకంత పగులు. మిగతావాటికి దాన్ని చూసే టైము దిద్దేవాడు కాబట్టి పరీక్షకూ దాన్నే పెట్టుకున్నాడు.

ఆ పొద్దున అది తొమ్మిదీ పది చూపించింది. రాత్రి కూడా సరిగ్గా నిద్రలేక కళ్లు మండుతుంటే, వెనక గదిలోకి వెళ్లి ముఖం కడుక్కుని వచ్చి మళ్లీ చూశాడు. అదే గోడ, అదే మేకు. గడియారం నాలుగూ ముప్పై అయిదు చూపిస్తోంది. అద్దం మీద పగులు లేదు.

జరిగింది ఇంతే. అధికారి కంట పగిలిన అద్దం పడితే బాగోదని భార్య స్టూలెక్కి దాన్ని దించి, బాగుకొచ్చిన అలాంటిదే మరొకటి తగిలించి, టీ తేవడానికి వీధి చివరకు వెళ్లింది. ఆయనతో ఒక మాట చెప్పాలని ఆవిడకు తోచలేదు.

గడియారాలాయనకు సంగతి తెలిసిపోయింది. ఇది కల. అంటే రోజూ వచ్చేది, తనకు ఎంతకీ గుర్తుకు రానిది, ఇప్పుడు రాబోతోంది. అరవై గడియారాల చప్పుడూ ఒక్కసారిగా చెవుల దగ్గరికి వచ్చినట్టయింది. వీధిలో బూట్ల శబ్దం వినిపించింది. అది దగ్గరై, మెట్టు మీద ఆగింది. తలుపు కిర్రుమంది. చంకలో నల్ల ఫైలుతో ఓ పొడవాటి మనిషి తల వంచుకుని లోపలికి వచ్చాడు.

"మీకోసమే వచ్చాను," అన్నాడా మనిషి.

గడియారాలాయన బల్ల అంచు రెండు చేతులా పట్టుకుని, ఉన్న కాస్త గొంతూ కూడదీసుకున్నాడు. "ఎవరు నువ్వు? నీకేం కావాలి?"

అధికారి తెల్లబోయాడు. ఉద్యోగంలో చేరాక ఆయన్ని అలా అడిగినవారు లేరు. "నేను... పట్టణ కార్యాలయం నుంచండీ. స్తంభం గడియారానికి మనిషి కావాలి," అన్నాడు సంజాయిషీ చెప్పుకుంటున్నట్టు.

అడిగితే ఆ తరిమేది జవాబు చెప్పింది. బావమరిది మాట అక్షరాలా నిజమవుతోంది. గడియారాలాయనకు కాస్త ఊపిరాడింది. "టైమెంత?" అని గద్దించాడు.

అధికారి చేతి గడియారం చూసుకున్నాడు. "ఏడున్నర. అయ్యో, ఇది నిన్ననే ఆగిపోయిందండీ. దీన్ని కూడా మీకే ఇద్దామని తెచ్చాను."

రెండో మాట గడియారాలాయన చెవికెక్కలేదు. తొమ్మిదీ పది, నాలుగూ ముప్పై అయిదు, ఏడున్నర. ఇంకా అనుమానమెందుకు? నెల రోజుల భయం ఒంట్లోంచి దిగిపోయింది. ఆయన చొక్కా చేతులు పైకి మడిచాడు.

"ముందే చెబుతున్నాను," అన్నాడు అధికారి స్తంభం దగ్గరికి నడుస్తూ. "లోపలి మెట్లు కూలిపోయాయి. బయట ఇనప నిచ్చెన ఒక్కటే దారి. ఇంతకుముందు నలుగురొచ్చి, దాన్ని చూసి వెళ్లిపోయారు."

"నిచ్చెనెందుకు? ఎగరమంటే ఎగురుతాను."

ఆ హుషారు అధికారికి నచ్చింది. స్తంభం కింద గడియారాలాయన చేతులు చాపి రెండుసార్లు గెంతి చూశాడు. అధికారి దాన్ని వ్యాయామమనుకున్నాడు. మొదటిసారి కాబట్టి ఎగరడం పట్టుబడలేదని సరిపెట్టుకుని, గడియారాలాయన నిచ్చెన పట్టుకున్నాడు. అరవై రెండు మెట్లు ఈల వేసుకుంటూ ఎక్కాడు. కింద పదిమంది గుమిగూడారు.

పైన అడుగు వెడల్పు గట్టు, దాని ముందు తలుపంత డయలు. ముళ్లు పదకొండూ నలభై దగ్గర ఉన్నాయి. అలవాటు కొద్దీ తల తిప్పుకుని మళ్లీ చూశాడు. పదకొండూ నలభై. మరోసారి చూశాడు. పదకొండూ నలభై. ముల్లు మొదట్లో తుప్పు పొలుసులుగా లేచి ఉంది. ఒక మర తల అరిగిపోయి ఉంది. దానికి ఏ సైజు స్క్రూడ్రైవరు పడుతుందో కూడా ఆయనకు తెలిసిపోయింది. కలలో ఇన్ని వివరాలుండవు. ఆయన మెల్లగా కిందికి చూశాడు. అధికారి తల గుండీ అంత ఉంది.

గడియారాలాయన చేతికి దొరికిన పెద్ద ముల్లును కావలించుకుని, ఊరంతా వినేలా అరిచాడు.

"నేనెక్కను! నేనెక్కను బాబోయ్!"

అప్పటికే ఎక్కేసి ఉన్నాడు కాబట్టి కింద జనానికి ఏం చేయాలో పాలుపోలేదు. టీ ఫ్లాస్కుతో పరిగెత్తుకొచ్చిన భార్యకు మాత్రం ఆ మాటలు కొత్త కావు. "రోజూ రాత్రి ఇదే అరుపండీ. ఒక్క అక్షరం తేడా లేదు," అంది అధికారితో. తర్వాత పైకి తలెత్తి కేకేసింది. "ఏవండీ, కల గుర్తొచ్చిందా?"

"మొత్తం గుర్తొచ్చింది! స్తంభం, నిచ్చెన, అన్నీ! ముందే చెప్పొచ్చుగా?"

"మా తమ్ముడు చెప్పొద్దన్నాడుగా."

ఆయన పెనుగులాటకు కీచుమని తుప్పు వదిలి ముల్లు కదిలింది. లోపల మూడేళ్లుగా బిగుసుకుని ఉన్న చక్రాలు ఒకటొకటిగా కదిలాయి. గడియారాలాయన కళ్లు తెరిచి చూశాడు. పదకొండూ నలభై ఒకటి. టైము మారింది. ఇది కలేనేమో అని ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. అంతలో ముల్లు ఆయన్ని కూడా కొద్దికొద్దిగా పైకి తీసుకుపోవడం మొదలుపెట్టింది.

అగ్నిమాపక దళం పొడుగు నిచ్చెన వేసి ఆయన్ని దించేసరికి గంటన్నర పట్టింది. పనిముట్టు ముట్టకుండా, ఉత్త చేతులతో స్తంభం గడియారాన్ని నడిపించిన మనిషిని చూసి అధికారి చలించిపోయాడు. ప్రతి సోమవారం పదింటికి పైకెక్కి కీ ఇచ్చే పనిని అక్కడికక్కడే కాగితం మీద రాసి సంతకం పెట్టాడు. వద్దని చెప్పడానికి గడియారాలాయన నోరు తెరిచాడు. అరిచి అరిచి గొంతు పోయినందువల్ల మాట బయటికి రాలేదు. అధికారి దాన్ని వినయమనుకున్నాడు.

దుకాణం నిలబడింది. నడుముకు కట్టుకోవడానికి బెల్టూ తాడూ ఇచ్చారు. లోపలి మెట్ల ఫైలు కదులుతోందని అధికారి చెబుతూనే ఉన్నాడు. ఆ రాత్రి నుంచి గడియారాలాయన నిద్రలో అరవడం మానేశాడు. భార్య దిండుతో సహా తిరిగొచ్చింది.

ఇప్పుడాయన సోమవారం పదింటికి మాత్రమే అరుస్తాడు, అదీ పూర్తి మెలకువలో, అంతా గుర్తుండేలా.